గంజి ఏడాది కట్టుకున్న నోరు

నోరు మూసుకోమంటే మూసుకోలేని ఆడదాన్ని మా ఊళ్ళో నేనొక్కదాన్నే. తిట్టేవాళ్ళు కూడా ఆ మాట అనబోయి, నా పళ్ళు చూసి ఆగిపోయేవాళ్ళు. పై దవడ ముందుకు తోసుకొచ్చి, పై వరస పళ్ళు పెదవి దాటి బయట ఉండేవి. రెండు పెదవులూ కలవాలంటే కింది పెదవిని బలవంతంగా పైకి లాక్కోవాలి. అలా ఎంతసేపని లాక్కుంటారు? గాలికాలం వస్తే తెల్లారేసరికి నాలుక మీద ఇసుక ఉండేది. జొన్నరొట్టెను ముందు పళ్ళతో కొరకడం అంటే ఏమిటో, పెళ్ళయి కాపురం చేస్తున్నా నాకు తెలియదు. వేళ్ళతో తుంచి దవడ పక్కకు నెట్టుకొని నమిలేదాన్ని. నవ్వొస్తే పైట చెంగు ఎలాగూ ఉంది.

ఆంధ్ర రాష్ట్రం రావడానికి ముందు ఏడు సంగతి ఇది. వరసగా వానలు మొహం చాటేసి, శింగనమల చెరువు అడుగున మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. పశువులను అయినకాడికి అమ్ముకున్నారు. సర్కారువాళ్ళు మా ఊరి బడి పక్కన పందిరి వేసి గంజి కేంద్రం పెట్టారు. పొద్దున్నే మూడు రాళ్ళ మీద బాన ఎక్కించి, జొన్నపిండి ఉడికించి, తెడ్డుతో అడుగంటకుండా తిప్పే పని నాకు దొరికింది. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా చెంబులు, సత్తుగిన్నెలు పట్టుకొని వరసలో నిలబడేది.

చెప్తే నవ్వుతారు గానీ, ఆ కరువులో నాకొక సుఖం దొరికింది. ఊరందరూ నేను తినగలిగినదే తిన్నారు. కొరికేది లేదు, నమిలేది లేదు, ఎత్తి గొంతులో పోసుకోవడమే. భూమి ఉన్నవాడూ లేనివాడూ పక్కపక్కన కూర్చొని జుర్రుతుంటే, వాళ్ళ మధ్య కూర్చొని నేనూ జుర్రేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో సిగ్గుపడకుండా తిన్నది ఆ ఏడే.

కరువు సాయానికి బెంగళూరు నుంచి వచ్చిన గుంపులో ఒక డాక్టరమ్మ ఉండేది. పిల్లల కళ్ళూ చిగుళ్ళూ చూడటం ఆమె పని. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేది, మాకు రెండూ అర్థమయ్యేవి. ఒకరోజు పిల్లల వరస అయిపోయాక ఆమె నేరుగా బాన దగ్గరికి వచ్చి నా నోటి వైపు చూస్తూ నిలబడింది. నేను అలవాటుగా చెంగు లాక్కున్నాను. తీయమంది. పళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ కలవడం లేదో వేలు పెట్టి చూసింది. ఇది పళ్ళ తప్పు కాదు, దవడ ఎముకది అంది. యుద్ధంలో సిపాయిల పగిలిన దవడలు అతికించిన డాక్టరు ఒకాయన తమ ఆసుపత్రిలో ఉన్నాడట. అటొక పన్నూ ఇటొక పన్నూ తీసి, పై దవడ ముందు ముక్కను కోసి వెనక్కి జరిపి, ఎముక అతికేదాకా పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి తీగతో కట్టేస్తాడట. రెండు నెలలు నోరు తెరవకూడదు. తాగి బతకాలి.

అయితే మాట ఇచ్చే ముందు నాకొక కథ చెప్పింది. తుమకూరు వైపు ఒక పిల్లకు ఇలాగే చేసి ఇంటికి పంపితే, ఉగాది వచ్చిందట. పండగపూట బిడ్డ ఓళిగ, అదే బొబ్బట్టు, తినకుండా ఎలా ఉంటుందని తల్లే తీగలు తెంపి నోట్లో పెట్టిందట. ఎముక వంకరగా అతుక్కుంది. మీ ఆడవాళ్ళు తమ ఆకలికి ఓర్చుకుంటారు, పక్కవాళ్ళ ఆకలికి ఓర్చుకోలేరు, అందుకే మీకు చేయాలంటే మా డాక్టరు వెనకాడతాడు అంది డాక్టరమ్మ.

నేను తెడ్డు పట్టుకొనే నవ్వాను. చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచాను.

"ఈ ఏడు మా ఊర్లో ఓళిగ యాడుంటాదమ్మా? ఊరంతా గంజే. నా మింద కనికరం వచ్చినా పెట్టేదానికి యేమీ లేదు. చేస్తే ఈ ఏడే చేయల్ల."

ఆమె, నీ మొగుడు చేయించుకోమన్నాడా అని అడిగింది.

"ఆయప్పకు ఏమీ అక్కరలేదు. నాకు కావల్ల."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు గానీ, వచ్చాక ఇక వెనక్కి పోలేదు. ఆ రోజు గంజి కొంచెం అడుగంటింది.

మా ఇంటి సంగతి చెప్పాలి. నా మొగుడు నాగన్న మా అమ్మకు సొంత తమ్ముడు. కాబట్టి మా అమ్మమ్మ చౌడమ్మే నాకు అత్త. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆమే. పెళ్ళయ్యాక కూడా ఆమెను అవ్వా అని, ఆయన్ను మామా అనే పిలిచేదాన్ని, ఆయన నన్ను బయా అనేవాడు. ముగ్గురమే ఇంట్లో.

పసిదాన్నిగా ఉన్నప్పుడు నాకు మొదట పై పళ్ళు వచ్చాయట. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మా వైపు గట్టి నమ్మకం. అప్పటికి గోలీలాడుకునే పిల్లవాడైన మామను పట్టుకొచ్చి కూర్చోబెట్టి, నూనె గిన్నెలో నా ముఖం చూపించి, టెంకాయ కొట్టి శాంతి చేశారు. ఆ పళ్ళకు ఇనుము తగలనివ్వనని అవ్వ చౌడేశ్వరికి మొక్కుకుంది. అంత గండం ఉన్నదాన్ని కొడుకుకే ఎందుకు కట్టబెట్టావని ఎవరైనా అడిగితే, గండం యాడో బయట తిరిగేదానికంటే ఇంట్లో కళ్ళ ముందర ఉంటే మేలు కదా అనేది.

ఆపరేషన్ మాట ఎత్తగానే అవ్వ చేటలో ఉన్న పిండిని చేటతోనే కింద పెట్టింది. అవి పాలపళ్ళు, ఎప్పుడో ఊడిపోతే ఇంటి మీదికి విసిరాం కదా అని నేను వాదించాను. వాటి చోట్లో మొలిచినవే కదా ఇవి, చోటు అదే కదా అంది అవ్వ. ఆ పూట నుంచి ఆమె నాతో మాట్లాడటం మానేసింది. మా చిన్న ఇంట్లో మాట్లాడకుండా తిరగడం మాట్లాడటం కంటే కష్టం, అయినా తిరిగింది.

ఊరికి కూడా నచ్చలేదు. కరువులో అధికమాసం అన్నట్టు ఇదొకటా అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. పక్కింటి లక్ష్మక్క మంచిదే, ఆమె కూడా, నీకు పెళ్ళయిపోయింది కదా తల్లీ, ఇంకెవరు చూడాలని అంది. పెళ్ళి కోసమైతే దవడ కోయించుకోవడం న్యాయమే, నా నోరు నాకు కావాలంటే మాత్రం పొగరు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందు ఈ డాక్టరమ్మ ఎక్కడుంది, పెళ్ళయ్యాక నేను తినడం మానేశానా అని ఆమె మీదికి పోయాను.

నాకు భయం లేదని కాదు. అవ్వ చెప్పేది నిజమని నమ్మలేదు, అబద్ధమని తోసేయనూ లేకపోయాను. మామంటే నాకు ప్రాణం. ఆయన కరువు పనికి పోయి, తట్ట మోసి, దుమ్ము కొట్టుకొని ఇంటికొస్తుంటే వీధి మలుపులో మొదట కనిపించే ఆ తలపాగా కోసం రోజూ చూసేదాన్ని. అది కనిపించని రోజు వస్తే, నా పెదవులు కలిసి ఏం లాభం?

ఆయనే తేల్చాడు. గంజి తాగి, చెయ్యి కడుక్కుంటూ, అవ్వ వినేలా అన్నాడు.

"గండం నాది, నోరు దానిది. నా గండం నేను చూసుకుంటాలేమ్మా."

అంతే. మరుసటి వారం డాక్టరమ్మ చీటీ తీసుకొని అనంతపురం స్టేషనుకు పోయాం. బండి కదిలే ముందు చూస్తే అవ్వ మూట చంకన పెట్టుకొని మా పెట్టెలో కూర్చొని ఉంది. ఎవరూ రమ్మనలేదు. ఇది తప్పు పనేనని, అయినా బిడ్డకు గొంతులో పోసేది తానే పోయాలని, బెంగళూరువాళ్ళకు అదేం తెలుసని కిటికీకి చెప్పింది. మూటలో మా అమ్మకూ, మామకూ, నాకూ పాలు పోసిన ఉగ్గుగిన్నె ఉంది.

ఆసుపత్రి సంగతి ఎక్కువ గుర్తు లేదు. మత్తు వాసన గుర్తుంది. లేచాక, నోరు తెరవాలని చూస్తే తెరుచుకోకపోవడం గుర్తుంది. ఒక్క క్షణం, బతికుండగానే పూడ్చేశారా అన్నంత భయం వేసింది. అరవబోయాను, అరుపు పళ్ళ వెనకే ఆగిపోయింది. అప్పుడు చెయ్యి పట్టుకున్నది అవ్వ. అన్ని రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట, మొహం గుమ్మడికాయంత అయిందే అని.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు తీగలు కత్తిరించే చిన్న కత్తెర ఒకటి ఇచ్చాడు. వాంతి వస్తే నోరు తెరుచుకోక ఊపిరి ఆగిపోతుందట. అలాంటప్పుడు తప్ప ముట్టుకోవద్దు అన్నాడు. అవ్వ దాన్ని తన వక్కాకు సంచిలో వేసుకొని దారం బిగించింది.

ఆ రెండు నెలలూ నేను పసిబిడ్డనే. పందిరి దగ్గర గంజిని లక్ష్మక్క తిప్పేది. అవ్వ ఇంటికి తెచ్చి, పాత చీర ముక్కలో వడగట్టి, నా తల ఒళ్ళో పెట్టుకొని, బుగ్గను వేలితో కాస్త లాగి, ఉగ్గుగిన్నె ముక్కుతో చుక్కచుక్కగా పోసేది. పళ్ళ సందుల్లోంచి అది లోపలికి పోవడానికి అరపూట పట్టేది. ఆమె ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, తప్పు చేశావనడం కూడా మానలేదు. నాకేమో ఆకలి కంటే కోపం ఎక్కువగా ఉండేది. తీగల వెనక నుంచి మాట్లాడితే సగం మాటలు ఎవరికీ అందేవి కావు. నాగన్నంత అదృష్టవంతుడు జిల్లాలోనే లేడని మగవాళ్ళు హాస్యాలాడేవారు, జవాబు చెప్పలేక కుతకుతలాడేదాన్ని. ఉగాది వచ్చింది, పోయింది. ఊళ్ళో వేపపూత తప్ప పండగ లక్షణం ఏదీ లేదు. ఆ పూట కూడా అందరం గంజే తాగాం.

తీగలు విప్పే గడువు దగ్గర పడుతుండగా బావిలో అది జరిగింది.

కరువు పనుల్లో భాగంగా ఊరి పాత బావిని లోతు చేయిస్తున్నారు. అడుగున బండ పడింది. దానికి తూట్లు పొడిచి, మందు కూరి, వత్తి ముట్టించి పైకి వచ్చేయాలి. ఆ రోజు ముట్టించినవాడు మామ. ఎక్కేటప్పుడు కాలు జారింది. సగంలో ఉండగా బండ పేలి, ఒక రాయి లేచి మోకాలి కింద తగిలింది. నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. వీధి మలుపులో తలపాగా కనిపించలేదు, మంచం కనిపించింది. నేను అరిచానని లక్ష్మక్క తర్వాత చెప్పింది, మూలిగినట్టు వినిపించిందట.

అనంతపురం ఆసుపత్రికి ఎద్దులబండిలో తీసుకుపోతే ఎముక సరిచేసి కట్టు కట్టారు. ఇంటికొచ్చిన మూడో నాటికి పుండు పట్టి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలేది. అవ్వ ఏమీ అనలేదు. అనకపోవడానికే నాకు భయం వేసింది. ఊరు మాత్రం అంది. ఇనుము తగలకూడదని చెప్తే విన్నదా, అందానికి పోయి మొగుణ్ణి బావిలో తోసింది అని వాకిట్లో నిలబడే అనుకున్నారు. నేను తలుపు వేశాను.

ఒక మధ్యాహ్నం అవ్వ గంజికి పోయినప్పుడు, మామ కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"బయా, ఆ తీగలు ఇప్పేయ్."

అర్థం కానట్టు చూశాను.

"గండమే ఇది. అమ్మ చెప్తానే ఉన్నింది. నాకు బతకల్లని ఉండాది బయా. నీకు దండం పెడతా, ఇప్పేయ్."

గండం నాది అన్న మనిషి ఈయనేనా? నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అంత బలమైన మనిషి చేతులు జోడిస్తుంటే చూడలేకపోయాను. విప్పితే ఏమవుతుంది? నా దవడ వంకరగా అతుక్కుంటుంది, ఎప్పటిలాగే చెంగు అడ్డం పెట్టుకొని బతుకుతాను. విప్పకపోతే, ఆయనకేమైనా అయితే, పళ్ళ కోసం మొగుణ్ణి చంపుకున్నదాన్నవుతాను. ఊరి దృష్టిలో కాదు, నా దృష్టిలోనే.

కానీ ఒకటి తెలుసు. ఆయన కాలికి చీము పట్టింది. నా నోరు తెరిస్తే ఆ చీము పోదు. ఆ ఒక్క మాటను పట్టుకొని నిలబడ్డాను.

"లేదు మామా," అన్నాను పళ్ళ వెనక నుంచి. ఆయనకు వినిపించలేదేమోనని తల అడ్డంగా ఊపి మళ్ళీ అన్నాను. "ఇప్పను."

ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. తిరిగి చూస్తే గడపలో అవ్వ గంజి చట్టితో నిలబడి ఉంది. అంతా విన్నది. కత్తెర ఆమె నడుముకున్న సంచిలోనే ఉంది. కన్నకొడుకు ప్రాణం అడిగాడు, ఆమె నా మీదికి వస్తే నేను ఆపగలనా? గోడకు ఆనుకొని, రెండు చేతులూ దవడకు అడ్డం పెట్టుకున్నాను.

అవ్వ చట్టి దించింది. చీర ముక్క పరిచి గంజి వడగట్టింది. ఉగ్గుగిన్నె నింపుకొని, మంచానికీ నాకూ మధ్య నేల మీద కూర్చుంది.

"గండం వచ్చినాది, నీ కాలు ఇరిసి పోయినాది నాయనా. వచ్చి పోయినదానికి ఇంక దీని నోరు ఏంటికి ఇప్పల్ల?"

"మరి జరమో?" అన్నాడు మామ గోడ వైపు నుంచే.

"జరం పుండుది. పుండుకు మందుండాది. రేప్పొద్దున మళ్ళా బండి కడదాం." తర్వాత నా వైపు తిరిగి ఒళ్ళు చూపించింది. "రామ్మే. చల్లారిపోతాది."

నేను ఆమె ఒళ్ళో తల పెట్టాను. వేడి గంజి గొంతులోకి దిగుతుంటే కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. అవ్వ వాటిని చూడనట్టే పోసింది. ఆ ఇంట్లో నన్ను నా అమ్మ కంటే ఎక్కువగా సాకిన మనిషి ఆమేనని అంత గట్టిగా నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆమె నమ్మకం పోలేదు. ఆ తర్వాత చచ్చేదాకా కూడా పోలేదు. ఆ నమ్మకంలోనే ఎక్కడో నాకు చోటు వెతికి పెట్టింది.

అనంతపురంలో పుండు కోసి చీము తీసి, సూదులు వేశారు. నాలుగు సూదులకు జ్వరం దిగింది. కాలు మాత్రం కాస్త పొట్టిదైంది.

గడువుకు నేనూ అవ్వే బెంగళూరు పోయాం. డాక్టరు ఒక్కొక్క తీగే విప్పాడు. దవడ బిగుసుకుపోయి మొదట వేలు దూరేంతే తెరుచుకుంది. డాక్టరమ్మ అద్దం తెచ్చింది. ముఖం చిక్కిపోయింది, కళ్ళు లోపలికి పోయాయి, ఆ ముఖంలో నా రెండు పెదవులూ ఏ శ్రమా లేకుండా ఒకదాని మీద ఒకటి ఆనుకొని ఉన్నాయి. నేను చాలాసేపు చూసుకున్నాను. డాక్టరమ్మ ఏదైనా మాట్లాడమంది. తల ఊపి ఊరుకున్నాను.

బండిలో కూడా మాట్లాడలేదు. హిందూపురం దాటింది, ధర్మవరం దాటింది. కిటికీలోంచి దుమ్ము కొడుతోంది, నా నాలుక మీద ఒక్క రేణువు పడలేదు. ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు. నోరిచ్చినాక మాట్లాడవేమే అని అవ్వ రెండుసార్లు గదిమింది.

ఇంటికి చేరేసరికి మామ మంచం మీద కాలు చాపుకొని కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు. అప్పుడు తెరిచాను నోరు. రెండు నెలలుగా పళ్ళ వెనక పోగైనదంతా బయటికి వచ్చింది. ఇంత మొనగాడివి అంత మాట ఎలా అన్నావని, గండం నాదని అవ్వ ముందు మీసం మెలేసి తీరా వచ్చేసరికి నా మీదికి తోస్తావా అని, నేను విప్పేసి ఉంటే జన్మంతా నీ మొహం చూడగలిగేదాన్నా అని, తెలిసిన తిట్లూ, అప్పటికప్పుడు పుట్టిన తిట్లూ అన్నీ తిట్టాను. దవడ నొప్పి పుట్టింది, అయినా ఆపలేదు. వాకిట్లో జనం చేరారు. దీనికా నేను ఇన్నాళ్ళూ ఉగ్గు పోసింది అని నన్ను కసిరి, అవ్వ వాళ్ళను తరిమింది.

నేను ఆయాసపడి ఆగాక, మామ తల వంచుకొని అన్నాడు.

"భయమైనాది బయా."

"నాకూ భయమైనాది మామా. నువ్వు పోతావేమోనని రోజూ భయమే. అయినా ఇప్పలేదు."

ఆయన తలెత్తి నా నోటి వైపు చూశాడు. తర్వాత రెండు చేతులతో కాలు పట్టి మెల్లగా పక్కకు జరుపుకొని, నేను కూర్చోవడానికి మంచం మీద చోటిచ్చాడు.